జెల్డాలో అడవి గుర్రం పడేస్తా ఉంది, ఎట్లా మచ్చిక చేసుకోవాల?

కపిలతీర్థం_కుర్రోడు (తిరుపతి)

అన్నలకూ అక్కలకూ నమస్తే. మా మామ కొడుకు సింగపూర్ నుంచి వస్తా నింటెండో స్విచ్ అనే గేమ్ మెషిన్ తెచ్చినాడు. దాంట్లో జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే గేమ్ ఆడతా ఉండా. మొదట్లో వచ్చే పీఠభూమి దిగేసి, రెండుగా చీలిన కొండ దాటుకోని గుర్రాల లాయం కాడికి వచ్చినా. పైకప్పు మీద పెద్ద గుర్రం తలకాయ ఉంటుందే, అదే. ఆ చుట్టుపక్కల గడ్డిలో గుర్రాలు మేస్తా ఉండాయి. వాటిల్లో నల్లది ఒకటి ఉంది, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నాకు అదే కావాల.

కూర్చోని కూర్చోని వెనక నుంచి పోయి ఎక్కతా ఉండా. ఎక్కినాక అది ఎగరతా ఉంటే ఎల్ బటన్ కొడతానే ఉండా. అయినా స్టామినా చూపించే ఆకుపచ్చ చక్రం ఖాళీ అయిపోయి కింద పడేస్తా ఉంది. పడేసి ఉరుక్కుంటా పోతుంది, ఇంగ దగ్గరికి రానీదు. స్టామినా పెంచుకున్నాకనే ఇది కుదురుతుందా, లేదంటే ఇప్పుడే ఏదన్నా దారి ఉందా? లాయంలో రాయించుకోవాలంటే ఎంత అవుతుంది? ఒకసారి మచ్చికైనాక మళ్ళీ పారిపోతుందా?

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రేణిగుంట)

తమ్ముడూ, నల్లదాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు మచ్చల గుర్రాన్ని పట్టు.

ఆ గేమ్‌లో ఒంటి రంగు చూస్తే గుణం తెలిసిపోతుంది. మచ్చలు ఉన్నవి సాధువులు, కొంచెం బుజ్జగిస్తే చాలు. ఒళ్ళంతా ఒకే రంగు ఉన్నవి పొగరుబోతులు. లొంగడానికి ఎక్కువ స్టామినా తింటాయి, ఎక్కినాక కూడా చానాసేపు మాట వినవు. అయితే వేగం, బలం, దౌడు తీసే సత్తా ఎక్కువగా వాటికే ఉంటాయి. అందుకే అందరి కన్నూ వాటి మీదే పడుతుంది. నీది సరైన కన్నే, కాకపోతే ఇంకా టైం రాలేదు.

నల్లదాన్నే పట్టాలని పంతం ఉంటే దానికీ దారి ఉంది. స్టామెల్లా పుట్టగొడుగులు ఏరుకోని కుండలో వండి పెట్టుకో. గుర్రం ఎగరతా ఉండంగా, చక్రం ఎర్రబడతానే, సామాన్ల మెనూ తెరిచి ఆ వంటకం తిను. మెనూ తెరిస్తే కాలం ఆగిపోతుంది, తొందర లేదు. చక్రం నిండినాక మళ్ళీ ఎల్ కొట్టు. స్టామినా పెంచుకోకుండానే పొగరుబోతు గుర్రాన్ని లొంగదీసే పద్ధతి ఇదే.

దగ్గరికి పోయే పద్ధతి కూడా చూసుకో. కూర్చోని ఉన్నా సరే స్టిక్‌ను పూర్తిగా తోస్తే చప్పుడు పెరుగుతుంది. కింద మూలలో చప్పుడు చూపించే గీత ఉంటుంది, దాని మీద కన్నేసి ఉంచు. గుర్రం తలకాయ పైకెత్తితే ఉన్నచోటనే ఆగు. మళ్ళీ మేత మొదలుపెట్టినాకనే అడుగేయాల.

లాయంలో రాయించడానికి 20 రూపీలు (ఆ గేమ్‌లో చెల్లే డబ్బు). రాయించేటప్పుడు పేరు పెట్టమంటారు. అట్లా 5 గుర్రాల దాకా పెట్టుకోవచ్చు. ఒక లాయంలో రాయించినదాన్ని ఇంకో ఊరి లాయంలో కూడా బయటికి తీసుకోవచ్చు. రాయించినాక పారిపోవడం అనే మాట లేదు. రాయించకుండా వదిలేసి దూరం పోయినావంటే మాత్రం అది మళ్ళీ అడవిపాలే. అందుకని పట్టినాక యాడా దిగకుండా నేరుగా లాయానికి పో. కౌంటర్ కాడ నిలబడిన మనిషి గుర్రం మీద ఉండంగానే మాట్లాడతాడు.

ఉలవచారు (పాకాల)

ఇంకోటి కూడా ఉంది. పక్కన గుట్ట ఎక్కి పారాగ్లైడర్‌తో సరిగ్గా గుర్రం వీపు మీదికి దిగు. నేల మీద అడుగుల చప్పుడే ఉండదు.

పశువైద్యం_చివరేడు (తిరుపతి)

మీ చర్చ చదువుతూ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను వెటర్నరీ చదువుతున్నాను, ఈ గేమ్ నాకూ చాలా ఇష్టం. కానీ ఇది చదివి ఎవరూ నిజం గుర్రం దగ్గరికి వెనక నుంచి వెళ్ళొద్దు. ఆ ఒక్క విషయంలో గేమ్ పూర్తిగా తలకిందులు.

గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. దానికి కనపడని చోట్లు రెండే: సరిగ్గా నుదుటి ముందు కొద్ది మేర, సరిగ్గా తోక వెనక. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. మీదపడేది ఏదైనా ఆ కనపడని వైపు నుంచే వస్తుందని దాని ఒంటికి తెలుసు. అక్కడ అలికిడైతే ఎవరా అని తిరిగి చూడదు, ముందు తన్నేస్తుంది. ఆ తాపుకి మనిషి ఎముకలు నిలబడవు.

వెళ్ళాల్సింది ఎడమ భుజం వైపు నుంచి, కొంచెం ఏటవాలుగా, మెల్లగా మాట్లాడుతూ. ఎడమ వైపే ఎందుకంటే గుర్రాలకి చిన్నప్పటి నుంచీ అటువైపు నుంచే కళ్ళెం కట్టడం, ఎక్కడం అలవాటు చేస్తారు. వెనకగా దాటి పోవాల్సి వస్తే పిర్ర మీద చెయ్యి ఆనించి ఒంటికి ఆనుకునేంత దగ్గరగా నడవాలి, లేదంటే కాళ్ళు అందనంత దూరంగా పోవాలి. మధ్యలో ఉండే దూరమే అన్నిటికన్నా ప్రమాదం.

ఇంత చెప్పి, గేమ్‌లో సరిగ్గా పట్టుకున్నది కూడా చెప్పాలి. ఎల్ నొక్కితే మన హీరో మెడ మీద నిమురుతాడు కదా. జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోట, భుజాల పైన కొంచెం ఎత్తుగా ఉండే భాగం ఉంటుంది. గుర్రాలు స్నేహంగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునే చోటు అదే. మనం అక్కడ గోకినా గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. దడ తగ్గించి దారికి తెచ్చుకోవడం అనే అసలు సంగతి గేమ్ చేసినవాళ్ళకి బాగా తెలుసు.

చిత్తూరు_బుల్లెట్ (చిత్తూరు)

అక్క చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నేను ఎప్పుడూ అనేది, గుర్రాన్ని గుర్రంగా చూపించిన గేమ్ రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే. 2018లో వచ్చింది, పీసీకి 2019లో. దాంట్లో వెనక నుంచి దొంగతనంగా పోయే పనే లేదు. దానికి కనపడేటట్టే పోవాల. దూరం నుంచి దాని మీద దృష్టి నిలిపే బటన్ పట్టుకుంటే బుజ్జగించే బటన్ వస్తుంది. రెండడుగులు వేయాల, అది చెవులు కదిలించి కాలు తాటిస్తే ఆగాల, మాటతో బుజ్జగించాల, మళ్ళీ రెండడుగులు. తొందరపడితే పారిపోతుంది. కావాలంటే తాడు వేసి ఆపొచ్చు, అయినా దగ్గరికి పోయేదాకా బుజ్జగింపు తప్పదు.

ఎక్కినాక ఇంగ బటన్ దబదబా కొట్టేది కాదు. అది యే పక్కకి ఒరిగితే దానికి ఎదురు పక్కకి స్టిక్ తోయాల. స్క్రీన్ మీద రాసేది చూస్తా కూర్చుంటే కుదరదు, గుర్రం మెడనే చూడాల. మెడ ఎటు తిరుగుతుందో ఒళ్ళు ఆ వెనకనే వస్తుంది.

ఆ గేమ్‌లో అంబరీనో అనే చోట, మంచు కొండల్లో ఇసబెల్లా చెరువు కాడ తెల్ల అరేబియన్ గుర్రం ఉంటుంది. మంచులో తెల్ల గుర్రం, కంటికి ఆనదు. కాళ్ళ జాడలు పట్టుకోని పోయి దాన్ని చూసినప్పుడు నాకు ఊపిరాడలేదు. చానా బెదురు జాతి. దాన్ని తెచ్చుకున్నాక నేను ఇంకో గుర్రం ఎక్కలేదు.

ఆ గేమ్‌లో మచ్చికైనాక పని అయిపోదు, మొదలైతుంది. అనుబంధానికి 4 మెట్లు. మేత పెట్టాల, బ్రష్‌తో మట్టి దులపాల, భయపడినప్పుడు మెడ తట్టాల. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ముంగాళ్ళు ఎత్తి నిలబడేది, పరుగులో జారి తిరిగేది ఇట్లాంటివి నేర్చుకుంటుంది. పాము కనపడితే బెదిరి మనల్ని పడేస్తుంది. దెబ్బ తగిలి పడిపోయినప్పుడు బతికించే మందు మన కాడ లేదంటే అది పోయినట్టే. ఎన్నాళ్ళు పెంచుకున్నా అంతే.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రేణిగుంట)

బుల్లెట్ అన్నా, ఆ గేమ్ గొప్పదే, నేను కాదనను. కానీ "ఒక్కటే" అనబాకు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో కూడా పట్టిన రోజు గుర్రం మన మాట వినదు. ఎడమకి తిప్పితే కుడికి పోతుంది. మనం స్టిక్ ఎడమకే పట్టుకోని ఉంటే కాసేపటికి సరేనని తిరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎల్ కొట్టి మెచ్చుకోవాల. అప్పుడే అనుబంధం పెరుగుతుంది. మొండికేసేటప్పుడు కొడితే పెద్దగా ఉపయోగం లేదు. మంచి పని చేసినప్పుడు మెచ్చుకుంటేనే నేర్చుకుంటుంది అనే సూత్రం అంత తేటగా ఇంకే గేమ్‌లోనూ నేను చూడలేదు.

మిట్టూరు_అన్న (చిత్తూరు)

నేను గేమ్‌లు ఆడను. మా పిల్లోడు ఈ పేజీ చూపించి రాయమన్నాడు. మా ఇంట్లో మా తాత నాటి నుంచి గుర్రాలు ఉండాయి. అప్పుడు జట్కా బండికి, ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకు.

ఆ వెటర్నరీ అమ్మాయి చెప్పింది సరిగ్గా ఉంది. ఇంకా కొంచెం నేను చెబుతా. గుర్రం మనసు చెవుల్లో తెలుస్తుంది. చెవులు ముందుకు పెట్టింది అంటే ఏదో చూస్తా ఉంది, వింటా ఉంది. ఒక చెవి మన పక్కకి తిప్పిందంటే మన మాట వింటా ఉంది. రెండు చెవులూ వెనక్కి మెడకి అంటించేసింది అంటే కోపం వచ్చేసింది, అప్పుడు మన పిల్లోడైనా దూరం జరగాల్సిందే. తోక గట్టిగా విసరతా ఉంటే కూడా అంతే, ఈగల కోసం విసిరేది వేరు.

మేత పెట్టేటప్పుడు అరచెయ్యి చదరంగా చాచి దాని మీద బెల్లం ముక్క పెట్టాల, వేళ్ళు ముడవకూడదు. దాని మూతి కిందే ఏముందో దానికి కనపడదు, పెదవులతో తడిమి తీసుకుంటుంది. వేలు ముడిస్తే బెల్లం ఏదో వేలు ఏదో దానికి తెలియదు.

ఇంకో సంగతి. జీను వేసి పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తాయి. మనం గట్టిగా బిగించినాము అనుకుంటాము. నాలుగడుగులు నడిచి ఊపిరి వదిలితే పట్టీ వదులైపోతుంది. అప్పుడు ఎక్కితే జీనుతో సహా పక్కకి జారి పడతారు. అందుకని జీను వేసినాక గుర్రాన్ని కొంచెం దూరం నడిపించి మళ్ళీ బిగించాల. మా నాయన ఇప్పటికీ రెండోసారి తన చేత్తో లాగి చూడకుండా పెళ్ళికొడుకుని ఎక్కనివ్వడు.

బ్యాండు చప్పుడుకీ టపాకాయలకీ అలవాటు చేసేది కూడా ఒక్కరోజు పని కాదు. ముందు దూరం నుంచి డప్పు వినిపించాల, అది తలకాయ దించి మేత తింటా ఉంటే ఇంకొంచెం దగ్గర. బెదిరితే మళ్ళీ వెనక్కి. కొండ మీద వాహన సేవలకి ముందు గుర్రాలూ ఏనుగులూ వృషభాలూ నడుస్తాయి కదా, అంత జనం, అంత వాయిద్యం మధ్యన అవి అంత నిదానంగా నడుస్తా ఉంటే నేను స్వామిని చూసే ముందు వాటినే చూస్తా. వాటి వెనక ఎంత ఓపిక పెట్టినారో మాకు తెలుసు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటారు, అదీ నిజమే. మెత్తగా ఉండడం వేరు, ఓపికగా ఉండడం వేరు. అడిగింది చేసేదాకా పగ్గం వదలకూడదు, చేసినాక వెంటనే వదులు చేయాల. ఆ వదులు చేయడమే దానికి మెచ్చుకోలు.

పశువైద్యం_చివరేడు (తిరుపతి)

అన్నా, మీరు రాసిన చివరి రెండు వాక్యాలు మా క్లాసులో గోడ మీద రాసి పెట్టాలి. ఒత్తిడి పెట్టడం, మాట వినగానే ఒత్తిడి తీసేయడం. గుర్రాల శిక్షణ అంతా దాని మీదే నడుస్తుంది. రేణిగుంట గారు చెప్పిన "తిరిగిన క్షణంలో ఎల్ కొట్టాలి" అనేది కూడా సరిగ్గా అదే.

కపిలతీర్థం_కుర్రోడు (తిరుపతి)

అందరికీ చానా థాంక్స్. మచ్చల గుర్రం పట్టేసినా! గోధుమ రంగు, తెల్ల మచ్చలు. రాయించి మువ్వ అని పేరు పెట్టినా. ఇంగ నల్లది పుట్టగొడుగుల వంటకం చేసుకున్నాక. మిట్టూరు అన్నా, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించినా.

ఇప్పుడు ఇంకో సందేహం. మువ్వ దోవలో బాగానే పోతుంది. మైదానంలోకి దిగితే ఇష్టం వచ్చిన పక్కకి లాగుతుంది. చెట్ల మధ్యలో అయితే గుద్దుకుంటా ఉంది. విజిల్ వేస్తే కొన్నిసార్లు రాదు.

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రేణిగుంట)

శభాష్ తమ్ముడూ. దోవ మీద బాగా పోవడం దాని గుణం. ఆ గేమ్‌లో గుర్రాలు దోవ పట్టుకున్నాయంటే స్టిక్ వదిలేసినా మలుపులు వాటంతటవే తిరుగుతాయి. అప్పుడు నీ చేతులు ఖాళీ, బాణం వేసుకోవచ్చు, చుట్టూ చూసుకోవచ్చు.

అనుబంధం పెరగాలంటే మేత పెట్టు. యాపిల్ చేత్తో పట్టుకోని మూతి ముందర నిలబడు, అదే వచ్చి తింటుంది. క్యారెట్ కూడా తింటుంది. ఎండ్యూరా క్యారెట్ దొరికితే నీ కూరకు వాడబాకు, గుర్రానికే పెట్టు, స్క్రీన్ మీద దౌడు తీయించే గుర్తులు (ఒకటి వాడితే ఒకసారి వేగం పెరుగుతుంది) కాసేపు అదనంగా వస్తాయి. అనుబంధం 100కి చేరితే లాయంలో జీనూ కళ్ళెమూ మార్చుకోవచ్చు, జూలు అల్లించుకోవచ్చు.

దౌడు గుర్తులు అన్నీ ఒకేసారి వాడేయబాకు. గుర్రాన్ని బైక్ మాదిరి ఆక్సిలరేటర్ తిప్పి పట్టుకోని నడిపేది కాదు. ఒకటి వాడి, వేగం తగ్గతా ఉండంగా ఇంకోటి వాడు. కొంచెంసేపు మామూలు పరుగులో పోనిస్తే అవి మళ్ళీ నిండుతాయి.

విజిల్ సంగతి: దూరం ఎక్కువైతే దానికి వినపడదు, అంతే. మధ్యలో కొండ ఉన్నా రాలేదు. ఎక్కడున్నా వచ్చేసేటట్టు చేసే పురాతన జీను ఒకటి ఉంది, అది డబ్బు కట్టి కొనుక్కునే అదనపు భాగంలో వస్తుంది.

పుంగనూరు_గిత్త (పుంగనూరు)

నేను కొంచెం ఎదురు మాట చెప్తా, ఏమనుకోబాకండి. ఆ గేమ్ నేను మొత్తం ఆడినా. దాంట్లో గుర్రం అవసరమే రాదు. యే కొండనైనా ఎక్కొచ్చు, పై నుంచి గ్లైడర్‌లో దిగొచ్చు, గుళ్ళు తెరిచినాక ఒక్క క్షణంలో అక్కడికి పోయి పడొచ్చు. గుర్రం కొండ ఎక్కదు, ఎడారికి రాదు, అగ్నిపర్వతం పక్కకి రాదు. అటువంటప్పుడు ఇంత కష్టపడి మచ్చిక చేసుకునేది దేనికి?

చిత్తూరు_బుల్లెట్ (చిత్తూరు)

అవసరం కోసం అయితే ఏదీ అక్కర్లేదు కదప్పా. మ్యాప్ మీద గుర్తు నొక్కి ఎగిరిపోతే మధ్యలో ఉండేది ఏమీ చూడవు. గుర్రం మీద పోతే దోవలో ఎవరో ఆపుతారు, ఏరు దాటాల్సి వస్తుంది, చీకటి పడుతుంది. నేను రెడ్ డెడ్‌లో ఆ తెల్లదాని మీద మంచు కొండ నుంచి చిత్తడి నేల దాకా ఒక్కసారి కూడా రైలెక్కకుండా వచ్చినా. కథలో ఏం జరిగిందో కొన్ని మరిచిపోయినా, ఆ ప్రయాణం మాత్రం మరిచిపోలే.

ఉలవచారు (పాకాల)

గిత్త చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఆ గేమ్‌లో గుర్రానికి ఇంకా ఎక్కువ పని ఇచ్చి ఉండాల్సింది. కానీ మచ్చిక చేసుకునే ఆ కాసేపు మాత్రం దాంట్లో అన్నిటికన్నా మంచి భాగం. దానికి బదులు ఏమొస్తుంది అని నేను లెక్క చూడను.

ప్లేస్టేషన్ 2 కాలంలో, 2005లో, షాడో ఆఫ్ ది కొలోసస్ అని ఒక గేమ్ వచ్చింది. దాంట్లో ఆగ్రో అనే గుర్రం. బటన్ నొక్కిన వెంటనే తిరగదు, దాని బుద్ధి దానికి ఉంటుంది. ఇరుకు దోవలో పగ్గం వదిలేస్తే తనే దారి చూసుకోని పోతుంది. అప్పట్లో చానామంది కంట్రోల్ బాగలేదని తిట్టినారు. నాకైతే దాని మీద ప్రేమ పుట్టింది అందుకే. చెప్పినట్టల్లా తిరిగేది అయితే మనకి గుర్తు కూడా ఉండదు.

కోట_కింద_ఇల్లు (చంద్రగిరి)

గుర్రం దేనికి అని అడిగినారు కాబట్టి మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. చంద్రగిరి కోటలో రాజమహల్ చూడని తిరుపతివాళ్ళు ఉండరు. ఆ కోటను ఏలిన సాళువ నరసింహుడు ఇక్కడి నుంచే ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. ఆయనకి గుర్రాలంటే ఎంత ఆత్రమో నూనిజ్ అనే పోర్చుగీసు ఆయన రాసిపెట్టాడు. ఆ నూనిజ్ కూడా గుర్రాల వ్యాపారే. పర్షియా దగ్గరి హొర్ముజ్ వైపు నుంచి ఓడల్లో గుర్రాలు తెచ్చేవాళ్ళు. సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే, బతికున్నదానికి ఇచ్చినంత సొమ్మూ నరసింహుడు ఇచ్చేవాడట.

ఎందుకంటే వ్యాపారి నష్టానికి భయపడి రావడం మానేస్తే గుర్రాలే రావు. మన దక్షిణాది వేడికీ తేమకీ మంచి జాతి గుర్రాలు సరిగ్గా పెరిగేవి కావు, మన అడవుల్లో పట్టుకుందామంటే అడవి గుర్రాలు లేవు. మంచి గుర్రాలు చాలావరకు సముద్రం దాటి రావాల్సిందే. అశ్వదళం లేని రాజ్యం యుద్ధంలో నిలబడలేదు. కాబట్టి గేమ్‌లో గడ్డి మైదానం నిండా గుర్రాలు ఊరికే మేస్తూ ఉండడం, మనం వెళ్ళి నచ్చింది ఎంచుకోవడం నాకు గొప్ప భోగంగా కనిపిస్తుంది. నరసింహుడికి కూడా లేని భోగం అది.

కాణిపాకం_అమ్మ (చిత్తూరు జిల్లా)

మా పాప మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంది. దాంట్లో గుర్రం ఎక్కిందట, కానీ నడవడం లేదు, నిలబడే ఉంది అంటోంది. ఇక్కడ గుర్రాల మాట నడుస్తోంది కదా అని అడుగుతున్నా.

ఉలవచారు (పాకాల)

అమ్మా, ఎర్ర గుండెలు పైకి వచ్చినాయా అడగండి. ఖాళీ చేత్తో ఎక్కాల, అది పడేస్తుంది, మళ్ళీ ఎక్కాల. ముందే చక్కెరో యాపిలో పెడితే తొందరగా లొంగుతుంది. గుండెలు వచ్చినాయంటే మచ్చికైనట్టు. అయినా జీను వేయకపోతే మన మాట ప్రకారం నడవదు. గుర్రం మీద ఉండంగా సామాన్ల పెట్టె తెరిస్తే జీను పెట్టే గడి కనపడుతుంది. గాడిదని మచ్చిక చేసుకుంటే దాని మీద పెట్టె కూడా కట్టుకోవచ్చు, పాపకి అది ఇంకా నచ్చుతుంది.

యానిమేషన్_నేర్చుకుంటా (తిరుపతి)

గుర్రాన్ని కదిలించడం మా పనిలో అన్నిటికన్నా కష్టం, అందుకని నేనూ ఒక మాట. గుర్రం దౌడులో నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేస్తాయా లేదా అని 19వ శతాబ్దంలో పెద్ద వాదన ఉండేది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ దారి పొడవునా కెమెరాలు వరుసగా పెట్టి తీశాడు. లేస్తాయని తేలింది. అయితే అప్పటిదాకా చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ చాచి గాల్లో ఉన్నట్టు గీసేవాళ్ళు. నిజానికి గాల్లో ఉన్న ఆ క్షణంలో కాళ్ళు నాలుగూ పొట్ట కింద ముడుచుకుని ఉంటాయి.

ఇప్పుడు మీ గేమ్ పెట్టి హెడ్‌ఫోన్స్‌లో డెక్కల చప్పుడు వినండి. నడకలో నాలుగు దెబ్బలు విడివిడిగా, ఒకే ఎడంగా వస్తాయి. కొంచెం వేగం పెంచితే కాళ్ళు ఎదురెదురు మూలల జతగా పడతాయి, కాబట్టి రెండే దెబ్బలు. ఇంకా పెంచితే మూడు, చిన్న విరామం, మళ్ళీ మూడు. పూర్తి దౌడులో మళ్ళీ నాలుగు, గబగబా, ఆ వెంటనే గాల్లో ఉన్న క్షణం. రెడ్ డెడ్ 2లో కళ్ళు మూసుకుని కూడా గుర్రం ఏ నడకలో ఉందో చెప్పొచ్చు. గుర్రం మీద ఉన్నామనే నమ్మకం నాకు బొమ్మకన్నా చప్పుడు వల్లే ఎక్కువ కలుగుతుంది.

మిట్టూరు_అన్న (చిత్తూరు)

ఈ తమ్ముడు చెప్పింది మా పిల్లోడి ఫోన్‌లో పెట్టించి విన్నాను. సరిగ్గా ఉంది. చీకట్లో గుర్రం ఇంటికి వస్తా ఉంటే మేము కూడా ఆ చప్పుడు బట్టే నాడా వదులైందా, కాలు కుంటుతా ఉందా అని పసిగడతాము.

కపిలతీర్థం_కుర్రోడు (తిరుపతి)

పుంగనూరు గిత్త అన్నా, మీరు చెప్పినవన్నీ నిజమే, అయినా నేను గుర్రం మీదనే పోతా. నిన్న ఆ ఏటి ఒడ్డున పోతా ఉంటే వాన పడింది, మువ్వ మీదనే నిలబడి చూస్తా ఉండా.

చివరగా ఒకటి అడగాల. కాపలా యంత్రాలు ఉన్నాయి కదా, ఎర్ర గీత పెట్టి కాల్చేవి. వాటి ముందర నుంచి పోతే గుర్రం చచ్చిపోతుందా? చచ్చిపోతే మళ్ళీ రాదా? ఇంకా, ఆ తెల్ల రాజగుర్రం అంటారు, అది ఎక్కడ?

రేణిగుంట_ఎక్స్‌ప్రెస్ (రేణిగుంట)

తెల్లది సఫూలా గుట్ట మీద మేస్తా ఉంటుంది. ఔట్‌స్కర్ట్ లాయం కాడ టోఫా అనే పెద్దాయన ఉంటాడు, ముందు ఆయనతో మాట్లాడు. పూర్వం యువరాణి ఎక్కిన గుర్రం వంశం అది. పట్టుకోని ఆయనకు చూపిస్తే రాజవంశం జీనూ కళ్ళెమూ ఇస్తాడు. ఒళ్ళంతా తెలుపే కాబట్టి పొగరు ఉంటుంది, వంటకాలు సిద్ధం చేసుకోని పో. ఎర్రటి జూలుతో పెద్ద ఏనుగంత గుర్రం కూడా ఒకటుంది, తావొబాబ్ గడ్డి మైదానంలో. బలం దానిదే. అయితే దానికి స్టామినా చానా కావాల, ఇప్పుడు దాని జోలికి పోబాకు.

గుర్రం చచ్చిపోతుంది తమ్ముడూ, ఆ యంత్రాల దెబ్బకి నిలబడదు. కానీ లాయంలో రాయించి ఉంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఫారోన్ వైపు, మ్యాప్‌లో దక్షిణాన, గుర్రాల దేవుడి చెరువు అని ఉంటుంది. అక్కడి ఊటలో మలాన్య అనే గుర్రాల దేవుడు ఉంటాడు. మొదటిసారి ఆ ఊట తెరుచుకోవడానికి 1000 రూపీలు అడుగుతాడు, ఇప్పటి నుంచే కూడబెట్టుకో. రాయించని గుర్రాన్ని ఆయన కూడా తేలేడు.

అంతదాకా యంత్రాలు ఉన్న మైదానం కనపడితే ముందే దిగి, మువ్వను చెట్ల చాటున వదిలి, నువ్వొక్కడివే నడిచి పో. పని అయినాక దోవ మీదికి వచ్చి విజిల్ వెయ్యి. అంత దూరం అయితే వినపడుతుంది.